రెండు కాలాల నవల: ముందు లెక్కలు, తర్వాత కన్నీళ్ళు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే రకం నవల గురించి. ఒక కథ పాత రోజుల్లో నడుస్తుంది, ఇంకో కథ ఈ రోజుల్లో. రెంటికీ మధ్య ఇంట్లోవాళ్ళు దాచిన ఒక రహస్యం, ఒక ప్రేమ. వాటిలోనూ బర్మా నేపథ్యం, అంటే 1942లో జపాన్ దాడికి భయపడి అక్కడి మనవాళ్ళు నడిచి తిరిగొచ్చిన కాలం, తీసుకున్నవారే ఎక్కువ. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: నా కథానాయిక 1942లో ఇరవై రెండేళ్ళ వయసులో రంగూన్ నుంచి నడిచి వస్తుంది. ఈ కాలం కథ 2024లో. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవరాలు అటక మీది పెట్టె తెరిచి, నాయనమ్మను అడిగి ఒక్కో విషయం తెలుసుకుంటుంది. పది అధ్యాయాలు రాశాక కథ కదలడం లేదు.

జవాబు: నాయనమ్మ వయసు లెక్కేశారా? 1920లో పుట్టినావిడకు 2024లో నూట నాలుగేళ్ళు. ఆ వయసులో పూసగుచ్చినట్టు కథ చెప్పడం నవలలోనైనా నమ్మబుద్ధి కాదు. మనవరాలి లెక్కా కుదరదు. ఆవిడకు పాతికేళ్ళకు కొడుకు, ఆ కొడుక్కి పాతికేళ్ళకు కూతురు అనుకుంటే ఆ పిల్ల 1970లో పుట్టాలి, అంటే 2024కి యాభై నాలుగేళ్ళు. మీరు రాసింది మునిమనవరాలి కథ, పిలుపు మాత్రం నాయనమ్మ అని ఉంది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, ఈ కాలం కథను 2002కి జరపడం. పెద్దావిడకు ఎనభై రెండు, మనవరాలికి ముప్పై రెండు. అంతా సరిపోతుంది, పైగా చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి ఏ ప్రశ్నకూ అరనిమిషంలో జవాబు దొరకదు. రెండోది, 2024నే ఉంచి సాక్షిని మార్చడం. 1942లో ఏడేళ్ళ పిల్లగా నడిచిన మనిషికి ఇప్పుడు ఎనభై తొమ్మిది. ఏడేళ్ళ పిల్లకు దాహం గుర్తుంటుంది, ఎవరు ఎత్తుకున్నారో గుర్తుంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం తెలియదు. చూసి కూడా అర్థం చేసుకోని సాక్షి కంటే రహస్య కథకు ఏం కావాలి? మూడోది, మధ్యలో 1964ను వంతెనగా వాడుకోవడం. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. ఆ తర్వాతి ఏళ్ళలో అక్కడి భారతీయులు పెద్ద సంఖ్యలో ఓడలెక్కి వచ్చేశారు. మన ఊళ్ళలో బర్మా కాలనీలు, బర్మా క్యాంపులు అలా పుట్టినవే. 1964లో పదేళ్ళవాడికి 2024లో డెబ్భై. 1942లో ఒక సగం కుటుంబం నడిచి వచ్చి, రెండో సగం ఉండిపోయి 1964లో వచ్చిందనుకోండి, రహస్యానికి రెండు కొసలూ మీ చేతికొస్తాయి. మమ్మల్ని అడిగితే రెండు, మూడు దారులు కలిపి రాయమంటాం.

కథ ఆగిపోవడానికి ఇంకో కారణం, మీ మనవరాలికి పోయేదేమీ లేకపోవడం. పెట్టె తెరవడం, కాగితాలు చదవడం, కళ్ళు తుడుచుకోవడం, ఇదంతా కథ కిందికి రాదు. ఆమె ముందు గడువున్న ఒక నిర్ణయం పెట్టండి. ఇంటి పంపకాలకు రిజిస్ట్రేషన్ తేదీ ఖాయమైంది, పెట్టెలో దొరికిన పేరుకు కూడా వాటా ఉండొచ్చు. ఇప్పుడు ఆ పేరు బయటపెడితే తండ్రికి నష్టం, దాస్తే తనూ రహస్యంలో భాగస్వామి. ఒక పరీక్ష చెబుతాం: పాత కాలం అధ్యాయాలన్నీ తీసేసి మిగిలినవి వరసగా చదవండి. నలభై పేజీల కథగానైనా నిలబడకపోతే, ఈ కాలం కథ మీరింకా రాయనట్టే.

ప్రశ్న: కథానాయకుడు రంగూన్‌లో చిక్కుకుపోయి, 1942 జూలైలో కాకినాడలోని భార్యకు ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం ఆమెకు అందకుండా అత్తగారు దాచేస్తుంది. ఇందులో అభ్యంతరం ఏమైనా ఉందా?

జవాబు: అత్తగారి మీద లేదు, తపాలా మీద ఉంది. జపాన్ సైన్యం రంగూన్‌లోకి వచ్చింది 1942 మార్చి 8న. బ్రిటిష్ సైన్యం తిరిగి చేరింది 1945 మే మొదట్లో. ఈ మూడేళ్ళూ అక్కణ్ణుంచి ఇక్కడికి మామూలు తపాలా లేదు. జూలై ఉత్తరం అత్తగారి దాకా రానే రాదు.

ఉత్తరాన్ని జనవరికో ఫిబ్రవరికో వెనక్కి జరపొచ్చు. అప్పుడు కవరు మీద యుద్ధకాలపు సెన్సారు ముద్ర ఉండాలి. బిళ్ళలు భారతదేశానివి కాకూడదు. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయినప్పుడు మన బిళ్ళల మీదే బర్మా అని అచ్చు వేసి వాడారు, 1938 నుంచి ఆరో జార్జి బొమ్మతో వాళ్ళ సొంత బిళ్ళలు వచ్చాయి. లేదంటే నడిచి వచ్చే మనిషి చేతికిచ్చి పంపొచ్చు. మాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే మోసుకొచ్చినవాడు రహస్యంలో మూడో మనిషి అవుతాడు. వాడు చదివాడా, ఎవరి చేతికిచ్చాడు, ఏం చెప్పాడు, ఏం మింగేశాడు? పైగా 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తీరం ఊళ్ళవాళ్ళు ఇళ్ళకు తాళాలేసి లోపలి ఊళ్ళకు తరలిపోయారు. ఉత్తరం తెచ్చినవాడు వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉందనుకోండి, అత్తగారిని దుష్టురాలిని చేయాల్సిన పని కూడా తప్పుతుంది. అటక మీద ఉత్తరం దాచే అత్తగారు ఇప్పటికే చాలా నవలల్లో ఉన్నారు.

ఇక ఉత్తరం మీద తేదీ. ఆ తరం తెలుగువాళ్ళు ఇంగ్లీషు తేదీ వదిలేసి సంవత్సరం పేరు, మాసం, తిథి రాయడం మామూలే. రంగూన్ పడిపోయినప్పుడు నడుస్తున్నది వృష ఫాల్గుణ బహుళం. మార్చి సగం దాటాక ఉగాదితో చిత్రభాను వచ్చింది. అంటే మార్చి మొదట్లో బయల్దేరినవాళ్ళు దారిలోనే ఉగాది దాటారు. ఈ పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి 1882, 1942, 2002 మూడూ చిత్రభానే. ‘చిత్రభాను చైత్రం’ అని మాత్రమే ఉన్న చీటీని మనవడు తప్పు శతాబ్దానికి అంటగట్టి రెండు అధ్యాయాలు దారి తప్పొచ్చు. ఎక్కడా మోసం చేయకుండా పాఠకుణ్ణి పక్కదారి పట్టించే పద్ధతి ఇది.

పెట్టెలో పెట్టే వస్తువుల గురించి కూడా చెప్పేద్దాం, చాలామంది ఇక్కడే దొరికిపోతున్నారు. బాల్‌పెన్ను అమెరికా అంగళ్ళలోకే 1945 అక్టోబరులో వచ్చింది. 1942 ఉత్తరం సిరా కలంతోనో పెన్సిల్‌తోనో ఉండాలి. అదే ఫొటో వెనక పేరు బాల్‌పెన్నుతో ఉంటే, ఆ పేరు చాలా ఏళ్ళ తర్వాత ఎవరో రాశారన్నమాట. ఎవరు రాశారు, ఎందుకు? మీకొక అధ్యాయం దొరికింది.

ఇంకా మంచి ఆధారం జపాన్ ఆక్రమణ నోట్లు. జపాన్ ప్రభుత్వం బర్మా కోసం వేసిన రూపాయి నోట్ల మీద రాజు బొమ్మ ఉండదు. ‘ద జపనీస్ గవర్నమెంట్’ అని ఇంగ్లీషు అచ్చు, బర్మాకు గుర్తుగా బి అక్షరంతో మొదలయ్యే ముద్ర ఉంటాయి. చిన్న నోట్ల మీద అణాలకు బదులు సెంట్లు. యుద్ధం అయ్యాక అవి చిత్తుకాగితాలే. ఫిబ్రవరిలో బయల్దేరి వచ్చేసిన మనిషి దగ్గర ఆ నోట్లు ఉండే వీల్లేదు. ఒక రచయిత ‘బర్మా జ్ఞాపకం’ అనిపించడానికి వాటిని నాయనమ్మ పెట్టెలో పెడితే అది తప్పు. ‘నేను అందరికంటే ముందే వచ్చేశాను’ అని జీవితమంతా చెప్పిన నాయనమ్మ పెట్టెలో అవి దొరికితే అదే రహస్యం.

ప్రశ్న: తాతయ్యకు ఇక్కడొక భార్య, రంగూన్‌లో ఒక బర్మా భార్య. రెండో పెళ్ళి నేరం కాబట్టి జైలు భయంతో దాచాడని రాశాను. పెళ్ళి 1938లో.

జవాబు: జైలు భయం తీసేయండి. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్ళిని నిషేధించిన చట్టం 1949లో వచ్చింది, దేశమంతటికీ 1955 హిందూ వివాహ చట్టంతో వచ్చింది. 1938లో హిందూ మగవాడికి రెండో పెళ్ళి నేరం కాదు. దాచడానికి వేరే కారణం వెతకండి: కులం, మొదటి భార్య పుట్టింటివాళ్ళ డబ్బు, పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు, లేదా అందరికంటే బలమైనది, నడిచి వచ్చేటప్పుడు ఆమెనూ బిడ్డనూ ఏదో రేవు దగ్గర వదిలేసి వచ్చాడన్న సిగ్గు. దీనికీ ఒక పరీక్ష ఉంది. ఇద్దరు మనుషులు అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే రహస్యం విడిపోయేట్టుంటే, మాట్లాడకపోవడానికి చాలినంత కారణం మీరు ఇవ్వలేదన్నమాట.

ఆస్తి గొడవ కూడా ఉంది కాబట్టి తాతయ్య ఎప్పుడు చనిపోయాడో ఇప్పుడే తేల్చుకోండి. హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది 1956 జూన్ 17న. ఆయన అంతకు ముందు పోతే స్వార్జితంలో కొడుకులుండగా కూతుళ్ళకు వాటా లేదు, భార్యకు 1937 చట్టం ప్రకారం అనుభవించే హక్కే గానీ అమ్ముకునే హక్కు లేదు. ఆ తేదీ తర్వాత వీలునామా లేకుండా పోతే కొడుకులు, కూతుళ్ళు, భార్య, తల్లి సమానంగా పంచుకుంటారు. ఒక్క చావు తేదీని బట్టి మీ ఈ కాలం కథలో ఎవరు ఎవరి మీద కేసు వేయగలరో మారిపోతుంది. బర్మా పెళ్ళి చెల్లుతుందా అన్నది దేశం, మతం రెండూ వేరు కావడం వల్ల కోర్టులో నలిగే విషయం. ఆ అధ్యాయం ఒక సివిల్ లాయరుతో చదివించండి. తీర్పు తేలకుండా వదిలేసినా నవలకు నష్టం లేదు.

ప్రశ్న: డీఎన్‌ఏ పరీక్షతో రహస్యం బయటపడేలా రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు, అయితే ‘నూటికి నూరు శాతం సరిపోయింది’ అనొద్దు. అలా సరిపోయేది ఒకేలాంటి కవలలకే. మీ కథలో ఇక్కడి కొడుకు, అక్కడి కొడుకు తండ్రి ఒకడైన అన్నదమ్ములు, వాళ్ళకు సుమారు 25 శాతం కలుస్తుంది. వాళ్ళ పిల్లల మధ్య 6 శాతం చిల్లర, మనవల మధ్య ఒకటిన్నర శాతం దగ్గర. 25 అన్న అంకె ఒక్కటే ఏ బంధమో చెప్పదు, తాతా మనవళ్ళకూ, బాబాయికీ అన్న కొడుక్కీ అంతే వస్తుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాల్లో అంకె ఉండాల్సినదాని కంటే పెరుగుతుంది కూడా. ఈ అయోమయాన్ని పరిహరించకండి, వాడుకోండి. ఇద్దరి ఫలితాలూ ఒకే సంస్థ దగ్గర ఉంటేనే పేరు కలుస్తుందన్నది మరవొద్దు. మగవారసుల వరసలో వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది కాబట్టి మనవడు కొడుకు కొడుకే అయితే ఆ పరీక్ష సూటిగా ఉంటుంది. మధ్యలో కూతురు వస్తే తెగిపోతుంది.

బ్లడ్ గ్రూపుతో నడిపేవారికి ఒక మాట. ఏబీ తండ్రికి ఓ బిడ్డ పుట్టదు, ఇద్దరూ ఓ అయితే పిల్లలూ ఓనే. కానీ 1952లో గుర్తించిన బాంబే గ్రూపు వాళ్ళు మామూలు పరీక్షలో ఓలా కనబడతారు, వాళ్ళకు ఏ గానీ బీ గానీ బిడ్డ పుట్టొచ్చు. ఇల్లాలి మీద నింద వేసి ముప్పై ఏళ్ళు మాట్లాడని మొగుడి కథకు ఇది పనికొస్తుంది.

ప్రశ్న: రెండు కథలనూ ఒక అధ్యాయం అది, ఒక అధ్యాయం ఇది అని మార్చి మార్చి రాయాలా? రహస్యం ఎప్పుడు విప్పాలి?

జవాబు: ఒకటికొకటి చొప్పున మార్చాలన్న రూలు ఎక్కడా లేదు. అలా పట్టుకుంటే ఈ కాలం అధ్యాయాల్లో సగం కాఫీ తాగడానికీ కారు నడపడానికీ పోతాయి. తొంభై వేల మాటల నవలనుకుంటే, రెండు వేల రెండు వందల చొప్పున నలభై అధ్యాయాలు వస్తాయి. పాతకాలానికి ఇరవై నాలుగు, ఈ కాలానికి పదహారు ఇచ్చి చూడండి. మొదటి అయిదారు అధ్యాయాలు వెంటవెంటనే మార్చండి, పాఠకుడికి రెండు పడవలూ అలవాటు కావాలి. తర్వాత పాత కథ వేడెక్కినచోట రెండు మూడు అధ్యాయాలు వరసగా పోనివ్వండి.

రాయడానికి ముందు ఒక పట్టిక గీయండి. సంఘటన, అది జరిగిన తేదీ, అప్పుడు ఎవరెవరికి తెలుసు, ఈ కాలం మనిషికి ఏ అధ్యాయంలో తెలుస్తుంది, పాఠకుడికి ఏ అధ్యాయంలో తెలుస్తుంది. అయిదు గడులు చాలు. చివరి రెండు గడుల్లో అన్నిచోట్లా ఒకే అంకె పడితే పాఠకుడు మనవరాలి వెనకే నడుస్తున్నాడు, బిగువు ఉండదు. కొన్నిచోట్ల పాఠకుడికి ముందే తెలియాలి: ఆమె ఆప్యాయంగా ‘పెద్దనాన్న’ అని పిలిచే మనిషి ఎవరో మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆ సీను దానంతటదే బరువెక్కుతుంది.

రహస్యాన్ని ఒక్క మూటగా కట్టకండి. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని మూడుగా విడదీయండి. మొదటిది పుస్తకం మూడో వంతు దగ్గర ఇచ్చేయండి. రెండోది మూడింట రెండు వంతుల దగ్గర. ‘ఎందుకు’ను ముప్పై ఆరో అధ్యాయం దాకా పట్టుకోవచ్చు. పాఠకులు ‘ఏమిటి’ని ఎలాగూ ఊహిస్తారు, దాన్ని చివరిదాకా దాస్తే విసుగు.

పాత అధ్యాయంలో కళ్ళముందు జరిగిన సంగతిని ఈ కాలం అధ్యాయంలో మళ్ళీ చెప్పడం ఈ రకం నవలల్లో మాకు ఎక్కువగా కనిపించే లోపం. చూపించేశారా, అయితే ఆమెకు తెలియడం రెండు వాక్యాల్లో ముగించండి. అంతా రాసి పెట్టిన డైరీ కూడా ఇలాంటి చేటే. కొండలెక్కుతూ పిల్లల్ని మోసేవాళ్ళు రోజుకు నాలుగు పేజీల డైరీ రాయరు. ఖర్చుల చీటీ, మందుల చీటీ, పేర్ల మీద గీతలు కొట్టిన జాబితా, ఇలాంటివి రాస్తారు. గీత కొట్టిన ఒక్క పేరు చాలు.

ప్రశ్న: నడక ఘట్టానికి ఏ దారి తీసుకోవాలి? నాగా కొండలు, అరకాన్ కొండలు రెండూ పెట్టాను.

జవాబు: ఒకే ప్రయాణంలో రెండూ కుదరవు. బయల్దేరిన నెల చెప్పండి, దారి దానంతటదే తేలుతుంది. రంగూన్ మీద మొదటి బాంబులు పడ్డది 1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న. ఆ భయంతో కదిలినవాళ్ళలో చాలామంది ప్రోమ్ చేరి, ఐరావతి దాటి, అరకాన్ కొండల మీదుగా టాంగప్, అక్కణ్ణుంచి పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్ వచ్చారు. ఆ దారిలో కలరా ఎక్కువ. ఉత్తరానికి పోయినవాళ్ళు మాండలే నుంచి చింద్విన్ నది పట్టుకుని కలేవా, తాము, పలేల్, ఇంఫాల్ మీదుగా దిమాపూర్‌లో రైలెక్కారు. మాండలే మీద పెద్ద దాడి ఏప్రిల్ 3న. మే నెలకు ఆ దారులు మూసుకుపోయాక మిగిలింది హుకాంగ్ లోయ, పాంగ్సావ్ కనుమ, లేడో. అప్పటికి వానలు దిగాయి. బురద, జలగలు, పొంగిన వాగులు, మలేరియా, తిండి లేకపోవడం. అందరికంటే ఆలస్యంగా బయల్దేరినవాళ్ళకే అందరికంటే చెడ్డ దారి దక్కింది. మీ కథలో ఎవరి కోసమో ఆగిపోయి ఆలస్యం చేసిన మనిషి ఉంటే, ఆ ప్రేమకు వెల ఈ దారే. మొత్తం నడకను ఒక్క అధ్యాయంలో కుక్కొద్దు. మూడు చోట్లు ఎంచుకుని, నిలబడి రాయండి.

ప్రశ్న: పాతకాలం సంభాషణలు గ్రాంథికంలో రాస్తే ఆ కాలం వాసన వస్తుందా?

జవాబు: రాదు, నాటకం వాసన వస్తుంది. 1942లో మాట్లాడుకున్నది వాడుక భాషే. ఉత్తరాల మొదట్లో ‘ఉభయకుశలోపరి’, అణాలు, మైళ్ళు, వీశెలు చాలు. ఉత్తరాంధ్ర మనిషయితే రంగూన్ వెళ్ళిపోయాడనడానికి ‘రంగం ఎల్లిపోనాడు’ అంటాడు. ఒక హెచ్చరిక: 1942లో శ్రీకాకుళం జిల్లా అని రాయకండి, ఆ జిల్లా ఏర్పడింది 1950లో. అప్పటికది విశాఖపట్నం జిల్లాలో ఊరు, ఇంగ్లీషు చిరునామాలో చికాకోల్.

ప్రశ్న: చివర్లో విడిపోయిన ఇద్దరినీ కలపకపోతే పాఠకులు ఊరుకుంటారా?

జవాబు: 2002 కథ అయితే ఇద్దరికీ ఎనభై దాటుతాయి. కలిపితే ఏం మాట్లాడుకుంటారో ముందు రాసి చూడండి. ఆ రెండు పేజీల్లో పాఠకుడికి కొత్త సంగతి ఒక్కటైనా తెలిస్తే ఉంచండి, లేకపోతే వాళ్ళ పిల్లల్ని కలపండి. ఆ రెండో రకం కలయికలో పంపకాల రిజిస్ట్రేషన్ కూడా పెట్టారంటే సీను మీరు తోయక్కర్లేకుండానే నడుస్తుంది.